ఎవరి జీతం మీద, ఎవరి చాకిరీ మీద ఈ ‘సొంత కంపెనీ’?

“ఉద్యోగం అడుక్కోవద్దు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు కండి.” ఈ నినాదం వినపడని యూనివర్సిటీ ఇవాళ లేదు. ఇంక్యుబేషన్ సెంటర్ల ప్రారంభోత్సవాల్లో, స్నాతకోత్సవాల్లో, చివరికి సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పెట్టే కెరీర్ గైడెన్స్ సభల్లో కూడా ఇదే పాట. సాఫ్ట్‌వేర్ చదివిన పిల్లలకైతే ఇంకా తీయగా చెబుతారు. ల్యాప్‌టాప్ ఒకటి, ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటి ఉంటే చాలట. భూమి అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. ఇంట్లోంచే చిన్న కంపెనీ పెట్టుకోవచ్చు. నెత్తిన బాస్ ఉండడు, పిల్లల్ని దగ్గరుండి పెంచుకోవచ్చు. అన్నిటికీ మించి, కంప్యూటర్‌కు కులం తెలియదు.

బ్యాక్‌లాగ్ పోస్టులు ఎప్పుడు నింపుతారని అడిగిన దళిత విద్యార్థికి ఇప్పుడు దొరుకుతున్న జవాబు ఇదే. అందుకే దీన్ని వృత్తి సలహాగా తీసుకుని ఊరుకోలేం. ఇదొక రాజకీయ ప్రకటన. రాజకీయంగానే దాన్ని పరిశీలించాలి.

వందల కోట్ల వెంచర్ క్యాపిటల్‌తో నడిచే స్టార్టప్‌ల సంగతి ఇక్కడ నేను మాట్లాడటం లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి, బయటి పెట్టుబడి లేకుండా, ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముకుంటూ బతికే చిన్న దుకాణాల గురించే నా మాట. పదకొండేళ్లుగా నేనూ అలాంటిదొకటి నడుపుతున్నాను. చిన్న పట్టణాల ప్రైవేటు స్కూళ్లలో ఫీజులు, హాజరు, మార్కుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. మాదిగ ఇంట్లో పుట్టి, మొదటి తరంలో ఇంజనీరింగ్ చదివినదాన్ని. ఇద్దరు పిల్లల తల్లిని. ఈ పనంటే నాకు ఇష్టం. ఇష్టం ఉంది కాబట్టే చెబుతున్నాను: దీన్ని మన పిల్లలకు రిజర్వేషన్ ఉద్యోగానికి బదులుగా చూపించడం మోసం.

ఎందుకంటే ఇలాంటి కంపెనీ ఏదైనా మూడింటి మీద నిలబడుతుంది. ఇంట్లో ఇంకెవరిదో నెలజీతం, ఎవరో కల్పించిన పరిచయం, ఇంకెవరో జీతం లేకుండా చేసే చాకిరీ. ఆధిపత్య కులాల ఇళ్లలో ఈ మూడూ ముందే ఉంటాయి కాబట్టి లెక్కల పుస్తకంలోకి ఎక్కవు. చివరికి ఆ కంపెనీ ఓనరు ప్రతిభ ఒక్కటే పైకి కనిపిస్తుంది.

ముందు డబ్బు సంగతి చూద్దాం. సాఫ్ట్‌వేర్‌కు పెట్టుబడి అక్కర్లేదన్నది అబద్ధం. దానికి కావలసిన పెట్టుబడి పేరు కాలం. రాసి, పరీక్షించి, పదిమందికి చూపించి, వద్దనిపించుకుని, మళ్లీ రాసి, మొదటి రూపాయి చేతికొచ్చేలోగా ఏడాది, ఏడాదిన్నర గడిచిపోతుంది. అప్పటిదాకా అద్దె, బియ్యం, పిల్లల ఫీజు, అమ్మ బీపీ మాత్రలు ఎవరు చూస్తారు? పోనీ ఆ తర్వాతైనా డబ్బు వేళకు వస్తుందా? ఇన్వాయిస్ ఇచ్చిన మూడు నెలలకో ఆరు నెలలకో క్లయింట్ చెల్లిస్తాడు. జీఎస్టీ అంతదాకా ఆగదు. సేవలు అమ్మేవాళ్లు ఏటా 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్టర్ కావాలి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లయితే, క్లయింట్ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఇన్వాయిస్ రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా 18 శాతం పన్ను సొంత జేబులోంచి తీసి కట్టాలి.

చట్టం లేదా అంటే, ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న సంస్థల బిల్లులు 45 రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే చక్రవడ్డీ కట్టాలి. ఆ గడువు దాటిన బాకీని, చెల్లించేదాకా, ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదంటూ 2023లో ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) కూడా చేర్చారు. కాగితం మీద బాగుంది. కానీ ఫిర్యాదు చేసిన రోజే ఆ క్లయింట్ పోతాడు. వారం తిరిగేలోగా పక్క ఊరి క్లయింట్‌కు కబురు చేరుతుంది. చట్టాన్ని వాడుకోవాలన్నా ముందు ఇంట్లో ఆరు నెలల తిండిగింజలు ఉండాలి.

బ్యాంకు ఉంది కదా అంటారు. పది లక్షల దాకా చిన్న సంస్థలను హామీ ఆస్తి అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా పథకం మొదలైంది. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి, ఒక మహిళకు, కొత్త సంస్థ పెట్టుకోవడానికి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పు ఇవ్వాలన్నది దాని నియమంగా ఉండేది. అయితే ప్రాజెక్టు ఖర్చులో పాతిక శాతం మార్జిన్ మనీ దరఖాస్తుదారే చూపాలన్నారు. 2021లో దాన్ని 15 శాతానికి తగ్గించారు. అంటే 20 లక్షల ప్రాజెక్టుకు మొదట్లో 5 లక్షలు, తగ్గించాక 3 లక్షలు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ ఆ మూడు లక్షలు ఎక్కడ తెస్తుంది? నేను అప్పుకు వెళ్లినప్పుడు ఆ బ్యాంకు మేనేజరు రెండే ప్రశ్నలు వేశాడు. “యంత్రాలేం కొంటారు?” అన్నాడు. ఏమీ కొనం, కోడ్ రాస్తాం అన్నాను. “నాన్నగారి పేరు మీద స్థలమేదైనా ఉందా?” అన్నాడు. లేదన్నాను. మాట అక్కడితో అయిపోయింది.

ఇది ఒక మేనేజరు గుణదోషం కాదు. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16 శాతానికి పైనే. 2005 ఆర్థిక గణనలో ఎస్సీల చేతిలో ఉన్న సంస్థలు పదింట ఒక వంతు కూడా లేవు, 9.8 శాతం. అలా ఉన్నవాటిలో కూడా ఎక్కువ భాగం ఒక్క మనిషి చేత్తో నడిచే చిన్నాచితకా పనులే. దళితులకు చొరవ లేదని ఈ అంకెలకు అర్థం చెప్పేవాళ్లు, తాకట్టు పెట్టడానికి తరతరాలుగా ఏ ఆస్తీ మిగల్చని వ్యవస్థ పేరు ఎత్తరు.

మరి నా కంపెనీ ఎలా బతికింది? మొదటి రెండేళ్లు ఇల్లు గడిచింది నా సహచరుడి జీతంతో. తను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఎస్సీ రోస్టర్ పాయింటు మీద వచ్చిన ఉద్యోగం. నాకు తెలిసిన దళిత సాఫ్ట్‌వేర్ వ్యాపారుల ఇళ్లు ఏవి తడిమి చూసినా పునాదిలో ఇలాంటి రాయే తగులుతుంది. ఒకరి తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్, ఒకరి తల్లి ప్రభుత్వాసుపత్రిలో నర్సు, ఒకరి అన్న ఆర్టీసీ కండక్టరు. ఒకటో తేదీన పడే జీతం, జబ్బు చేస్తే మెడికల్ రీయింబర్స్‌మెంట్, ముసలితనంలో పెన్షన్. మన వర్గాలకు వెంచర్ క్యాపిటల్ అంటూ ఏదైనా ఉంటే అది ఇదే. రిజర్వేషన్ ఉద్యోగం ఒక మనిషికి ఇచ్చే కొలువుగానే చూస్తున్నారు. ఆ ఇంట్లో రెండో మనిషి నష్టపోయినా పస్తులుండకుండా ఒక ప్రయత్నం చేసే ధైర్యం కూడా అదే ఇస్తుంది.

ఇప్పుడు ఆ నినాదం అసలు రంగు చూడండి. పోస్టులు ఖాళీగా ఉంచుతారు. ఉన్న పనుల్ని కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కిందికి నెడతారు. ప్రభుత్వరంగ సంస్థల్ని అమ్మేస్తారు. రాజ్యాంగంలోని 16(4) అధికరణం ప్రైవేటు కంపెనీ గుమ్మం దాటదని తెలిసే ఇదంతా చేస్తారు. ఆపైన మన హాస్టల్‌కు వచ్చి వ్యాపారం చేసుకోమంటారు. చెట్టు మొదలు నరుకుతూ, కాయలు కోసుకోండని నిచ్చెన ఇవ్వడం ఇది.

రెండోది పరిచయం. మొదటి పది మంది క్లయింట్లు ప్రకటనలు చూసి రారు. మేనమామ స్నేహితుడి కాలేజీ, బావగారి ఆస్పత్రి, నాన్న క్లాస్‌మేట్ ఫ్యాక్టరీ, అలా వస్తారు. తెలుగువాళ్ల సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇది కొత్త సంగతేమీ కాదు. చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2000 ప్రాంతంలో హైదరాబాద్, సిడ్నీల మధ్య తిరిగి, తెలుగువాళ్లు నడిపే ‘బాడీ షాపు’ల మీద పరిశోధన చేశాడు. అది 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ పేరుతో పుస్తకమైంది. ప్రపంచ మార్కెట్‌కు ప్రోగ్రామర్లను సరఫరా చేసిన ఆ చిన్న చిన్న కంపెనీల వెనక తీరాంధ్ర వ్యవసాయ మిగులు, కుల బంధుత్వాలు, కట్నం డబ్బు ఎలా పనిచేశాయో అందులో విప్పి చూపించాడు. 1961లోనే చట్టం నిషేధించిన కట్నం మన ఐటీ విజయగాథకు మూలధనాల్లో ఒకటి అన్నమాట. ఒక ఆడపిల్ల పుట్టింటి సొమ్ము ఒక మగవాడి ‘స్వశక్తి’ అయింది. సెల్ఫ్ మేడ్ అని చెప్పుకునే మనిషిని ఎవరు తయారు చేశారో అడగడం ఇక్కడ మొదలుపెట్టాలి.

మనకు ఆ పరిచయాలు లేకపోవడం సగం కథ. ఎదురయ్యే నిరాకరణ మిగతా సగం. సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం గుర్తుందా? సమాన అర్హతలున్న దరఖాస్తుల్నే పంపారు, పేర్లు మాత్రం మార్చారు. సవర్ణ ఇంటిపేరుతో పోలిస్తే దళిత ఇంటిపేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండొంతులే అని తేలింది. అది ఉద్యోగాల లెక్క. ఉద్యోగానికి కనీసం దరఖాస్తు, ఇంటర్వ్యూ అనే తంతు ఉంటుంది. కాంట్రాక్టుకు అదీ లేదు. ఒక స్కూలు కరస్పాండెంట్ నా డెమో అంతా చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, టీ తెప్పించి, “ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేంటి? ఎవరి తాలూకు?” అని అడిగాడు. చెప్పాను. మరుసటి ఏడాది రెన్యువల్ అడిగితే, “మా బావమరిది కొడుకు చేసిపెడతానన్నాడమ్మా” అన్నాడు. ఒక్క పరుషమైన మాట అనలేదు. ఏ చట్టం కిందా కేసు పెట్టడానికి అందులో ఏమీ లేదు. ఈ కాలపు అంటరానితనం చాలా చోట్ల ఇంత మర్యాదగానే పని చేసుకుపోతుంది.

ఈ అనుభవం వందేళ్ల నాటిది. కొలంబియా యూనివర్సిటీలో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి 1917లో తిరిగొచ్చిన బాబాసాహెబ్‌కు బరోడాలో తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదని మనందరికీ తెలుసు. ఆ తర్వాతి ముచ్చట అంతగా చెప్పుకోం. బొంబాయికి వచ్చి ఆయన స్టాక్స్, షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. నేటి భాషలో కన్సల్టింగ్ కంపెనీ. నడిపే మనిషి మహర్ అని తెలిసేసరికి వచ్చేవాళ్లు రావడం మానేశారు. దాన్ని మూసేయాల్సి వచ్చింది. దేశంలో అంతకు మించి ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంతమంది కూడా లేని రోజుల్లో జరిగింది ఇది. మార్కెట్ ప్రతిభను గుర్తిస్తుందనే వాళ్లు ముందు ఈ మూతపడిన కంపెనీకి సమాధానం చెప్పాలి. 1918 నవంబరులో ఆయన్ను నిలబెట్టింది సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం, అంటే ప్రభుత్వ కాలేజీ జీతం.

మూడోది చాకిరీ. ఇక్కడ మనం మన ఇళ్లలోకి కూడా చూసుకోవాలి.

ఇంట్లోంచి పనిచేస్తూ పిల్లల్ని పెంచుకోవచ్చని చెప్పేవాళ్లు ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్పరు. స్కూళ్లలో ఫీజులు కట్టే జూన్ నెలలో సర్వర్ ఆగిపోతే ఫోను వెంటనే మోగుతుంది. అప్పుడు పిల్లకు జ్వరమా, పాలు పట్టే వేళా అన్నది క్లయింట్‌కు అనవసరం. కోడ్‌లో తప్పు వెతకాలంటే రెండు మూడు గంటలు చెదరని ధ్యాస కావాలి. ఆ గంటల్లో తలుపు అవతల పిల్లాడు ఏడవకుండా చూసే మనిషి ఇంకొకరు కావాలి. ఆ మనిషి ఎవరు? జాతీయ గణాంక కార్యాలయం 2019 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఆ పనిలో చేయి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు. అయిదేళ్ల తర్వాత, 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గితే మగవాళ్లదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. మగవాడి సొంత కంపెనీకి ఆ అయిదు గంటలు ఉచితంగా అందిన ముడిసరుకు. ఆడదాని సొంత కంపెనీకి అవే అయిదు గంటలు రోజూ ముందే కట్టాల్సిన పన్ను.

చట్టం ఇక్కడ ఇంకా కఠినంగా ఉంది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ ఉద్యోగినికి 26 వారాల జీతంతో సెలవు ఇచ్చింది. 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలి. అదంతా యజమాని ఉన్నవాళ్లకే. తనకు తానే యజమాని అయిన స్త్రీకి ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద, అర్హత ఉంటే, మొదటి కాన్పుకు 5 వేల రూపాయలు.  నా రెండో కాన్పు అయిన అయిదో రోజు మంచం మీద కూర్చుని ఒక స్కూలు ఫీజు రసీదుల లెక్క సరిచేశాను. దాన్ని గొప్పగా చెప్పుకునే వాళ్లున్నారు. అందులో గొప్పేమీ లేదు, హక్కు లేకపోవడమే ఉంది.

బాబాసాహెబ్ లండన్‌లో చదువు పూర్తిచేస్తున్న 1920-23 మధ్య రమాబాయి పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ చాల్‌లో సంసారం ఈదింది. పేడ ఏరి పిడకలు చేసి అమ్మింది. వాళ్లకు పుట్టిన అయిదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. ఆ రుణం బాబాసాహెబ్ మరవలేదు. పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చారు. అంతకన్నా ముఖ్యం, 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి అవసరమని, ఆ భారంలో పెద్ద వాటా ప్రభుత్వమే మోయాలని వాదించారు. భారం ప్రభుత్వానిదైతే యజమాని ఉన్న తల్లి, లేని తల్లి అన్న తేడా ఉండదు. దాదాపు వందేళ్ల కిందట ఆయన చూపిన దారిలోకి మన చట్టాలు ఇంకా రాలేదు.

దళిత వ్యాపారుల విజయాలను సన్మానించే మన సభలకు కూడా ఒక మాట. వేదిక మీద శాలువా కప్పించుకునే అన్న వెనక, లెక్కలు రాసి, ఫోన్లు ఎత్తి, పిల్లల్ని సాకి, అప్పులవాళ్లకు సర్దిచెప్పిన వదిన ఉంటుంది. కంపెనీ కాగితాల్లో ఆమె పేరు వాటాదారుగా ఉందా? స్టాండప్ ఇండియాలో మహిళ కోటా కోసం సంతకం పెట్టించుకుని, చెక్‌బుక్ మాత్రం తమ దగ్గరే ఉంచుకున్న మగవాళ్లు మనలో లేరా? రమాబాయి త్యాగాన్ని కొలిచే జాతి ఇంకో తరం రమాబాయిలను తయారు చేయకూడదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. ఇంటర్నెట్‌లో అమ్ముకుంటే ఇంటిపేరు ఎవరడుగుతారు, విదేశీ క్లయింట్‌కు మాల, మాదిగ అంటే ఏం తెలుసు అని యువ మిత్రులు అడుగుతారు. నిజమే, అక్కడ కొంచెం గాలి ఆడుతుంది. కరస్పాండెంట్ ముందు కూర్చోవాల్సిన పని లేదు. 2021 నుంచి యాపిల్, గూగుల్ స్టోర్లు చిన్న డెవలపర్ల దగ్గర తీసుకునే కమిషన్ కూడా 30 నుంచి 15 శాతానికి తగ్గించాయి. ఆ దారిలో వెళ్లే పిల్లలను వెళ్లమనే అంటాను. కానీ ఆ దారిలో పోటీ ప్రపంచంతో, కాబట్టి సంపాదన లేని నెలలు ఇంకా ఎక్కువ. అమెరికాలోని క్లయింట్ మాట్లాడే వేళకు ఇక్కడ అర్ధరాత్రి. ఇంటిపేరు అడ్డు తొలగినా జీతం, చాకిరీ అనే మిగతా రెండు ప్రశ్నలు అలాగే కూర్చుని ఉంటాయి.

ఇంకొకరు, అంబేడ్కర్ వ్యాపారానికి వ్యతిరేకమా అంటారు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన కార్మికులకు ఇద్దరు శత్రువుల్ని చూపించారు: బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం. 1947 నాటి ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో బీమాను ప్రభుత్వ గుత్తాధిపత్యం కింద ఉంచి, ప్రతి వయోజనుడికీ జీవిత బీమా తప్పనిసరి చేయాలన్నారు. బతుకుతెరువు భయంతో మనిషి తన హక్కుల్ని వదులుకునే స్థితి ఉండకూడదన్నది ఆయన పట్టుదల. సొంతంగా పనిచేసుకునే మనిషికి కావలసింది సరిగ్గా అదే: పడిపోతే పట్టుకునే వల.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. ఖాళీ పోస్టులన్నీ రోస్టర్ ప్రకారం నింపాలి. అవి లేకుండా దళిత వ్యాపారం గురించి మాట్లాడే అర్హత ఏ ప్రభుత్వానికీ లేదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచే కొనాలని 2012 కొనుగోళ్ల విధానం చెబుతోంది. ఏళ్ల తరబడి ఆ లక్ష్యానికి చాలా దిగువనే ఆగిపోతున్నారు. ఆ 4 శాతం నెరవేరాలి, అందులో సాఫ్ట్‌వేర్ కొనుగోళ్ల లెక్క విడిగా బయటపెట్టాలి. స్వయం ఉపాధిలో ఉన్న స్త్రీలకు 26 వారాల ప్రసూతి భృతి ప్రభుత్వ ఖజానా నుంచి ఇవ్వాలి. పనిగంటలంతా తెరిచి ఉండే క్రెష్‌లు వార్డుకొకటి కావాలి. వాటిలో పనిచేసే వాళ్లకు అంగన్‌వాడీల్లోలాగా గౌరవ వేతనం అని పేరు పెట్టకుండా, జీతం ఇవ్వాలి. లేదంటే నా స్వేచ్ఛ ఇంకో దళిత స్త్రీ చవక శ్రమ మీద నిలబడుతుంది.

యూనివర్సిటీల్లో ఉన్న మీకు ఇంకో పని ఉంది. మీ క్యాంపస్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో గది, గ్రాంటు, మెంటర్ దొరికినవాళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులు ఎంతమంది, అందులో అమ్మాయిలు ఎంతమంది? ఎంపిక చేసే కమిటీలో ఎవరున్నారు? ఆర్టీఐ పెట్టి అడగండి. అధ్యాపకులు దీన్ని పరిశోధనాంశంగా చేపట్టండి. కోడ్ రాసిన గంటలతో పాటు, ఆ గంటలు దొరకడానికి ఇంట్లో ఇంకొకరు చేసిన పని గంటలు కూడా రాసుకోండి. ఈసారి మీ హాస్టల్‌కు వచ్చి ‘ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కండి’ అనే పెద్దమనిషిని నిలబెట్టి ఒక్కటే అడగండి: అయ్యా, మీ మొదటి రెండేళ్లూ ఇంటి అద్దె ఎవరు కట్టారు, మీ పిల్లలకు అన్నం ఎవరు పెట్టారు?

జై భీమ్.